కత్తికి ముందు పటము

మూర్ఛవ్యాధికి మన ప్రాచీన వైద్యులు పెట్టిన పేరు అపస్మారము. స్మృతి తొలగిపోవుట అని ఆ మాటకు అర్థము. స్మృతి, బుద్ధి, మనస్సు చెదరిపోవుటయే ఈ వ్యాధి లక్షణమని చరకసంహిత వర్ణించినది. పల్లెలలో దీనిని కాకిసోమాల అన్నారు. ఈనాడు ఊరూర ఫిట్సు అనుచున్నారు. పేరు ఏదైనను చూచువారికి కలుగు భయము ఒక్కటే. నిలుచున్న మనిషి ఉన్నపాటున నేలకొరుగును. కాలుచేతులు కొట్టుకొనును. కొంతసేపటికి తేరుకొని, జరిగినదేమో తెలియక చుట్టును చూచును. ఆ సమయమున చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టుట మనలో చాలమంది చూచినదే. అయితే ఆ ఇనుమునకు మూర్ఛను ఆపు శక్తి లేదు. మూర్ఛ సాధారణముగా రెండు మూడు నిమిషములలో తనంత తానే తగ్గును. ఆ యశము తాళపుచెవులకు దక్కును.

ఈ వ్యాధి దేవతల వలన గాక మెదడు వలన వచ్చునని క్రీస్తుకు పూర్వము సుమారు 400 నాటి గ్రీకు వైద్యగ్రంథమొకటి వాదించినది. ఆ మాట నిజమని తేలుటకు రెండువేల సంవత్సరములకు పైగా పట్టినది. మెదడులోని నాడీకణములు స్వల్పమైన విద్యుత్తుతో పనిచేయును. అవి తమ తమ పనులు మాని, ఒక్కుమ్మడిగా, అదుపు లేకుండ విద్యుత్తును వెలువరించినప్పుడు మూర్ఛ వచ్చును. ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా ప్రకారము లోకములో సుమారు 5 కోట్లమందికి ఈ వ్యాధి ఉన్నది. సరియైన మందులు క్రమముగా వాడినచో వారిలో 70 శాతము వరకు మూర్ఛలు లేకుండ జీవింపగలరు. మిగిలినవారి మాట ఏమి? వారిలో కొందరికి మూర్ఛ మెదడులోని ఒకే ఒక తావు నుండి బయలుదేరును. ఆ తావును కోసి తీసివేసినచో వ్యాధి పోవచ్చును.

తీసివేయుట అని చెప్పుట సులభము. మెదడు, కాయలోని పుచ్చు ముక్కను చెక్కి పారవేసినట్లు చెక్కదగిన వస్తువు కాదు. మూర్ఛ పుట్టు తావు ప్రక్కనే మాట ఉండవచ్చును. చేతి కదలిక ఉండవచ్చును. నిన్నటి సంగతిని నేటికి నిలుపు జ్ఞాపకము ఉండవచ్చును. కావున ఈ శస్త్రచికిత్స చరిత్రలో అన్నిటికంటె కఠినమైన ప్రశ్న ఎట్లు కోయవలెనన్నది కాదు, దేనిని కోయరాదన్నది. ఆ ప్రశ్నకు సమాధానమును కత్తి పట్టుటకు ముందే తెలిసికొనుటకు మానవుడు చేసిన నూటయేబది సంవత్సరముల ప్రయత్నమే ఈ వ్యాసమునకు విషయము.

మొదటి పటమును వ్రాసినవారు మెదడును తెరచి చూచినవారు కారు. లండనులో హ్యూలింగ్స్ జాక్సన్ అను వైద్యుడు 1860 దశాబ్దములో మూర్ఛ వచ్చు తీరును ఓపికతో గమనించినాడు. కొందరిలో అది బొటనవ్రేలి వద్ద ఆరంభమై చేతికి, ముఖమునకు, పిదప కాలికి వరుసగా ప్రాకుచుండెను. ఆ వరుస ఎన్నడును తారుమారు కాదు. దీనినిబట్టి ఆయన, శరీరములోని అవయవములకు మెదడుపై ఒక క్రమములో స్థానములు ఏర్పడి ఉండవలెనని, మూర్ఛ ఆ స్థానముల మీదుగా నడచిపోవుచున్నదని ఊహించినాడు. అదే కాలమున, 1861లో, పారిస్ నగరమున పాల్ బ్రోకా ఒక రోగిని పరీక్షించినాడు. ఆ రోగికి ఇతరుల మాటలు అర్థమగును గాని నోట ‘టాన్’ అను ధ్వని తప్ప వేరొక మాట రాదు. అతడు మరణించిన పిమ్మట చూడగా మెదడు ఎడమ అర్ధభాగమున నుదుటి వైపు ఒక చోట చెడియున్నది. 1870లో బెర్లినులో ఫ్రిష్, హిట్జిగ్ అను ఇద్దరు కుక్క మెదడుపై స్వల్పమైన విద్యుత్తును ప్రసరింపజేయగా ఎదుటి ప్రక్క కాలు కదలినది. జాక్సన్ ఊహకు ప్రయోగము తోడైనది.

ఈ జ్ఞానముతో 1886 మే నెలలో లండనులోని క్వీన్ స్క్వేర్ ఆసుపత్రిలో విక్టర్ హార్స్‌లీ ఒక 22 సంవత్సరముల యువకునకు శస్త్రచికిత్స చేసినాడు. చిన్ననాట బండి ప్రమాదములో అతని తలకు దెబ్బ తగిలినది. ఆ దెబ్బ మిగిల్చిన మచ్చ మెదడుపై నిలిచి మూర్ఛలకు కారణమైనది. మూర్ఛ ఏ అవయవమున ఆరంభమగుచున్నదో చూచి మచ్చ ఎక్కడ ఉండునో నిర్ణయించి, హార్స్‌లీ దానిని తీసివేసినాడు. యువకుడు కోలుకొన్నాడు. జాక్సన్ ఆనాడు అచ్చటనే ఉండి దీనిని చూచినాడు. మూర్ఛకు శాస్త్రీయముగా చేసిన శస్త్రచికిత్సలకు ఇది నాంది.

అయితే ఆనాటి పటము జాతికంతకును ఒక్కటే వ్రాసిన పటము. ఒక్కొక్క మనిషి మెదడు ముడుతలు ఒక్కొక్క తీరున ఉండును. వ్యాధి వలన కొందరిలో పనుల స్థానములే మారిపోవును. కావున ఈ రోగి మెదడులో ఏ పని ఎక్కడ జరుగుచున్నదో ఈ రోగినే అడుగవలెను. అడిగినవాడు వైల్డర్ పెన్‌ఫీల్డ్. 1928లో ఆయన జర్మనీలోని బ్రెస్లావు నగరమున ఓట్‌ఫ్రిడ్ ఫోర్‌స్టర్ వద్ద కొన్ని నెలలు పనిచేసి, రోగిని మేలుకొలిపి ఉంచియే మెదడును పరీక్షించు పద్ధతి నేర్చుకొన్నాడు. పిదప కెనడాకు పోయి 1934లో మాంట్రియాల్ నాడీవైద్య సంస్థను నెలకొల్పినాడు.

మెదడుకు నొప్పి తెలియదు. నొప్పి తెలియునది పైనున్న చర్మమునకు, పొరలకు. వానిని మత్తుమందుతో మొద్దుబార్చినచో రోగి మాటలాడుచుండగనే పుర్రెను తెరవవచ్చును. పెన్‌ఫీల్డ్ సన్నని విద్యుత్ కడ్డీతో మెదడును తావు వెంట తావుగా తాకుచు ఏమి జరిగినదని రోగిని అడుగును. ఒకచోట తాకగా వ్రేలు కదలును. ఒకచోట నాలుక తిమ్మిరియెక్కును. ప్రతి తావునందును అంకె వేసిన చిన్న కాగితపు ముక్కను ఉంచును. మాటకు సంబంధించిన తావును తాకినపుడు ఎదుట చూపిన బొమ్మ పేరు రోగి నోట పలుకదు. ఒక రోగికి సీతాకోకచిలుక బొమ్మను చూపగా, అది ఏమో తెలిసియు పేరు రాలేదు. కడ్డీ తీయగానే వచ్చినది. అట్టి తావును కత్తి తాకరాదు. 1937లో పెన్‌ఫీల్డ్, బోల్డ్రే కలిసి ప్రకటించిన వ్యాసములో మనిషి శరీరమంతయు మెదడుపై తలక్రిందులుగా చిత్రితమైనది. పెదవులకు, బొటనవ్రేలికి అందులో పెద్ద పాలు దక్కినది. వీపునకు చిన్న పాలు.

ఇంతలో మూర్ఛ పుట్టు తావును వెదకుటకు వేరొక సాధనము లభించినది. జర్మనీలోని యేనా నగరమున హాన్స్ బెర్గర్ పుర్రె పైనుండియే మెదడు విద్యుత్తును గీతలుగా నమోదు చేసి 1929లో లోకమునకు తెలిపినాడు. దానినే నేడు ఇ.ఇ.జి. అందుము. హెర్బర్ట్ జాస్పర్ ఈ పరికరమును మాంట్రియాలుకు తెచ్చి పెన్‌ఫీల్డుకు తోడైనాడు. మూర్ఛ పుట్టునది ఎక్కడ అన్న ప్రశ్నకు ఇది చాలవరకు సమాధానమిచ్చినది. తాకరానిది ఎక్కడ అన్న ప్రశ్న మాత్రము పుర్రెను తెరచిన పిమ్మటనే అడుగవలసి ఉండెను. పైగా కడ్డీ తాకగలది మెదడు పైభాగమును మాత్రమే. లోపల, చెవి వెనుక లోతులో దాగిన భాగములు దానికి అందవు.

ఆ లోతుననున్న ఒక భాగము విలువ లోకమునకు తెలిసిన తీరు విషాదకరమైనది. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరమున 1953లో హెన్రీ మొలైసన్ అను 27 సంవత్సరముల యువకునకు విలియం స్కోవిల్ అను వైద్యుడు శస్త్రచికిత్స చేసినాడు. ఎన్ని మందులు వాడినను అతని మూర్ఛలు తగ్గకుండెను. కణతల లోపలి వైపున, రెండు ప్రక్కలను, హిప్పోకాంపస్ అను భాగముతో సహా వైద్యుడు తీసివేసినాడు. ఆ భాగము పని ఏమో ఆనాడు ఎవరికిని సరిగా తెలియదు. మూర్ఛలు తగ్గినవి. తెలివి చెడలేదు, మాట పోలేదు. కాని ఆనాటి నుండి అతనికి కొత్త జ్ఞాపకము నిలువలేదు. భోజనము చేసిన సంగతి కొంతసేపటికి మరచును. ఇప్పుడే పలుకరించి వెలుపలికి పోయిన మనిషి మరల లోనికి రాగా కొత్తవాని వలె చూచును. ఇట్లు అతడు 2008లో, 82వ ఏట మరణించువరకు, యాబది యైదు సంవత్సరములు జీవించినాడు. మూర్ఛ అప్పుడప్పుడు మాత్రమే అపహరించు స్మృతిని చికిత్స శాశ్వతముగ అపహరించినది. అపస్మారము అను పేరు వ్యాధి కంటె చికిత్సకే తగినదిగా మారిన ఘట్టము ఇది.

మాంట్రియాల్ నుండి వచ్చిన బ్రెండా మిల్నర్ అను మనస్తత్త్వ శాస్త్రవేత్త అతనిని శ్రద్ధగా పరీక్షించినది. అద్దములో చూచుచు నక్షత్రపు బొమ్మను గీయుట అతనికి నేర్పగా, దినదినమునకు చేయి తిరిగినది. అయినను తాను దానిని ఎన్నడో నేర్చినట్లు అతనికి గుర్తు లేదు. చేతి నేర్పు వేరు, సంఘటనల జ్ఞాపకము వేరు అని ఇట్లు తేలినది. అతని జ్ఞాపకము పోయిన సంగతిని 1957లోనే స్కోవిల్, మిల్నర్ కలిసి ప్రకటించినారు. ఇట్టి శస్త్రచికిత్స చేయవలదని స్కోవిల్ తానే ఇతర వైద్యులను హెచ్చరించినాడు.

అయితే ఒక చిక్కు మిగిలినది. పెన్‌ఫీల్డ్ ఒకే ప్రక్క తీసిన రోగులలో ఇద్దరికి సైతము ఇట్లే జ్ఞాపకము పోయినది. రెండవ ప్రక్క ఉన్నది గదా, మరి ఏల? వారిలో ఒకరు మరణించిన పిదప 1964లో మెదడును పరీక్షింపగా కారణము తెలిసినది. కత్తి తాకని రెండవ హిప్పోకాంపస్ ఏనాడో కుంచించుకొని పోయి యున్నది. రెండు ఎద్దులలో కుంటి ఎద్దును కాడికి ఉంచి, మంచి ఎద్దును విడిచినట్లయినది. కావున తీయబోవు భాగమును పరీక్షించుట చాలదు. మిగులబోవు భాగము బరువు మోయగలదా అని కూడ ముందుగా చూడవలెను.

ముందుగా చూచుటకు ఉపాయమును కనుగొన్నవాడు జపానుకు చెందిన జూన్ వాడా. 1949లో ఆయన ఈ పద్ధతిని స్వదేశమున ప్రకటించినాడు. తరువాత మాంట్రియాలుకు వచ్చి, 1960లో రాస్‌ముసెన్‌తో కలిసి దానిని లోకమునకు వివరించినాడు. మెదడు ఒక ప్రక్కకు రక్తమును గొనిపోవు నాళములోనికి ఎమిటాల్ అను మత్తుమందును ఎక్కించినచో, ఆ అర్ధభాగము కొన్ని నిమిషములు నిద్రించును. మెలకువగా ఉన్న రెండవ అర్ధభాగముతో వైద్యుడు మాటలాడును. అంకెలు లెక్కింపుమనును, వస్తువుల పేర్లు అడుగును. మాట ఆగిపోయినచో నిద్రించు ప్రక్కనే మాట ఉన్నదన్నమాట. జ్ఞాపకమును గూడ ఇట్లే పరీక్షించు పద్ధతిని మిల్నర్ దీనికి చేర్చినది. మాంట్రియాలులో చేసిన పరీక్షల ఫలితములను 1977లో ప్రకటించినారు. కుడిచేతివాటము గలవారిలో 96 శాతమునకు మాట ఎడమవైపున ఉన్నది. ఎడమచేతివాటము గలవారిలో 70 శాతమునకు ఎడమవైపున, 15 శాతమునకు కుడివైపున, మిగిలిన 15 శాతమునకు రెండు వైపులను ఉన్నది. అనగా ఎడమచేతివాటము గల రోగి మాట ఎక్కడనున్నదో ఊహించి చెప్పుట జూదము వంటిది.

వాడా పరీక్ష ఎన్నో దశాబ్దములు వైద్యులకు దీపమైనది. కాని దానిలో లోపములు లేకపోలేదు. రక్తనాళములోనికి గొట్టమును పంపవలెను. అందులో స్వల్పమే అయినను ప్రమాదము కలదు. మందు పనిచేయునది కొద్ది నిమిషములు. అది మాట ఏ ప్రక్కనున్నదో చెప్పును గాని, ఆ ప్రక్కలో ఏ తావున ఉన్నదో చెప్పదు. రాష్ట్రము పేరు చెప్పి ఊరి పేరు చెప్పనట్లు.

ఊరి పేరు చెప్పగలది రక్తము. మెదడులో పని జరుగు చోటికి రక్తము ఎక్కువగా పారునని ఇంగ్లండులో రాయ్, షెరింగ్టన్ 1890లోనే వ్రాసినారు. మూర్ఛ వచ్చిన క్షణమున ఆ తావునకు రక్తప్రవాహము హెచ్చుటను శస్త్రచికిత్సలలో పెన్‌ఫీల్డ్ గమనించినాడు. మెదడుకు ఆహారము చక్కెర. చక్కెరను పోలిన పదార్థమునకు రేడియోధార్మిక శక్తిని జతచేసి రక్తములోనికి పంపినచో, అది ఎక్కడ ఎక్కువగా ఖర్చగునో వెలుపలి యంత్రము చూపగలదు. 1976లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున ఇట్టి పదార్థమును మొదటిసారి మానవులకు ఇచ్చినారు. పిదప లాస్ ఏంజిల్స్ నగరమున కూల్, ఎంగెల్, ఫెల్ప్స్ మొదలగువారు పెట్ అను యంత్రముతో మూర్ఛరోగులను పరీక్షించి ఒక విశేషమును కనుగొన్నారు. మూర్ఛ వచ్చుచుండగా ఆ తావు చక్కెరను విశేషముగా దహించును. మూర్ఛకును మూర్ఛకును నడుమ అదే తావు మందగించి యుండును. కణత ఖండమున పుట్టు మూర్ఛలకు ఈ మందగించిన మచ్చ మంచి ఆనవాలైనది.

తరువాతి మెట్టు అయస్కాంతము. ప్రాణవాయువును విడిచిన రక్తమునకు అయస్కాంత గుణము మారునని 1936లో లైనస్ పౌలింగ్, కోరియెల్ కనుగొన్నారు. యాబది సంవత్సరములకు పైగా అది రసాయనశాస్త్ర గ్రంథములలోని ఒక విశేషముగానే ఉండెను. 1990లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో పనిచేయుచున్న సీజి ఒగావా, ఈ మార్పును ఎం.ఆర్.ఐ. యంత్రము పట్టగలదని ఎలుకల మెదడులో చూపినాడు. 1992లో మూడు బృందములు మానవులలో దానిని నిరూపించినవి. మందు ఎక్కించనక్కరలేదు, రేడియోధార్మిక పదార్థము అక్కరలేదు, మనిషి రక్తమే సాక్ష్యము చెప్పును. దీనికే ఫంక్షనల్ ఎం.ఆర్.ఐ. అని పేరు, అనగా మెదడు ఆకారమును గాక దాని వ్యాపారమును చూపు చిత్రము.

రేడియో వినువారికి ఈ యంత్రము కొంత పరిచితమైనదే. అది బలమైన అయస్కాంతమున మనిషిని పరుండబెట్టి, శరీరములోని హైడ్రోజనుకు రేడియో తరంగములను పంపి, తిరిగివచ్చు తరంగములను వినును. 1.5 టెస్లా బలము గల యంత్రములో ఈ తరంగముల కంపన సంఖ్య సుమారు 64 మెగాహెర్ట్సులు; 3 టెస్లా యంత్రములో సుమారు 128. మన ఎఫ్.ఎం. ప్రసారములు 88 మొదలు 108 వరకు, సరిగా ఈ రెంటి నడుమ, ఉన్నవి. అందువలననే ఆ యంత్రమున్న గదికి బయటి తరంగములు చొరకుండ గోడలలో లోహపు తొడుగు వేయుదురు.

పరీక్ష జరుగు తీరు ఇది. రోగి కదలక పరుండును. అర నిమిషము పాటు ఒక పని చెప్పుదురు. అర నిమిషము ఊరకుండుమందురు. ఇట్లు మార్చి మార్చి చేయింతురు. ఒక వస్తువు పేరు వినిపించి, దానితో చేయు పనిని మనస్సులో అనుకొమ్మందురు. బిందె అనగా మోయుట, చీపురు అనగా ఊడ్చుట. పని చేసినప్పటి చిత్రములను ఊరకున్నప్పటి చిత్రములతో గణకయంత్రము పోల్చును. తేడా నూటికి కొద్దిపాళ్లు మాత్రమే; అదియు పని మొదలైన ఐదారు సెకండ్లకు గాని శిఖరమునకు చేరదు. తేడా కనబడిన తావులకు యంత్రము రంగు వేయును. పత్రికలలో మనము చూచు ఎఱ్ఱని, పసుపుపచ్చని మచ్చలు ఇవియే. ఆ రంగు మెదడులో లేదు. లెక్క కట్టి గణకయంత్రము పూసినది.

ఈ లెక్కను నమ్మవచ్చునా? 1996లో మిల్వాకీ నగరమున బైండరు బృందము 22 మంది మూర్ఛరోగులకు వాడా పరీక్షను, ఈ కొత్త పరీక్షను రెంటిని చేసినది. మాట ఏ ప్రక్కనున్నదన్న విషయమున రెండు పరీక్షలును ప్రతి రోగి యందును ఏకీభవించినవి. తదుపరి ఎన్నో ఆసుపత్రులు ఇట్లే పోల్చినవి. అన్ని చోట్ల ఇంత పొందిక కనబడలేదు. మాట రెండు ప్రక్కల ఉన్నవారిలో భేదములు వచ్చినవి. అయినను 2017లో అమెరికా నాడీవైద్యుల సంఘము, కణత ఖండమున పుట్టు మూర్ఛలకు మాట ఏ ప్రక్కనున్నదో తెలిసికొనుటకు వాడా పరీక్షకు బదులు దీనిని ఎన్నుకొనవచ్చునని సూచించినది. శస్త్రచికిత్స తరువాత మాటల జ్ఞాపకము ఎంత తగ్గునో ముందుగా అంచనా కట్టుటకును దీనిని పరిశీలింపవచ్చునన్నది.

ఇచ్చట ఒక భేదమును గ్రహింపవలెను. పెన్‌ఫీల్డ్ కడ్డీయు, వాడా మందును మెదడులోని ఒక భాగమును క్షణకాలము ఆపి, అది లేకున్న పని జరుగునా అని అడుగును. ఫంక్షనల్ ఎం.ఆర్.ఐ. ఆ ప్రశ్న అడుగదు. పని జరుగునపుడు ఎవరెవరు కదలుచున్నారో మాత్రము చూపును. పెండ్లింట తిరుగువారు వందమంది ఉందురు. పురోహితుడు రాకున్న ముహూర్తము దాటిపోవును, పన్నీరు చల్లువాడు రాకున్న దాటదు. చిత్రమునకు ఇద్దరును ఒక్కటే. అందుచేత రంగు పడిన ప్రతి తావును కోయరానిది కాదు. అంతకంటె ముఖ్యము, రంగు పడని తావు కోయదగినదని అర్థము కాదు. రోగి తల కొన్ని మిల్లీమీటర్లు కదలినను చిత్రము చెడును. అసహజమైన రక్తనాళముల చెంత రక్తము తన మామూలు పద్ధతిని పాటింపక పోవచ్చును. రోగి చెప్పిన పనిని మనస్సులో నిజముగా చేసినాడో లేదో చూచువారు లేరు. కావున తెలిసిన వైద్యులు ఈ చిత్రమును ఒంటరి సాక్షిగా నమ్మరు. ఇ.ఇ.జి., మూర్ఛ వచ్చునప్పటి చలనచిత్రము, మెదడు ఆకారపు చిత్రము, మనస్తత్త్వ పరీక్ష, వీని అన్నిటి సాక్ష్యమును ఒక చోట చేర్చి, పొంతన కుదిరినప్పుడే కత్తి పట్టుదురు. కుదరనప్పుడు పెన్‌ఫీల్డ్ పద్ధతిలో రోగిని మేలుకొలిపి అడుగుట ఈనాటికిని ఉన్నది.

మాంట్రియాలులో వెలిగించిన దీపము మన దేశమునకు త్వరగనే వచ్చినది. పెన్‌ఫీల్డ్ వద్ద శిక్షణ పొందిన జేకబ్ చాండీ గారు 1949లో, మన చిత్తూరుకు పొరుగుననున్న వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో నాడీ శస్త్రచికిత్సకు పునాది వేసినారు. 1952లో అచ్చటనే మూర్ఛవ్యాధికి మన దేశములో మొదటి శస్త్రచికిత్స చేసినారు. తిరువనంతపురములోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ 1995 నుండి దీనిని క్రమబద్ధమైన కార్యక్రమముగా నడిపినది. ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థ, మందులకు లొంగని మూర్ఛలు గల 116 మంది బాలబాలికలపై జరిపిన పరిశీలనను 2017లో ప్రకటించినది. ఒక సంవత్సరము తరువాత శస్త్రచికిత్స జరిగినవారిలో 77 శాతము మూర్ఛలు లేకుండ ఉన్నారు. మందులు మాత్రమే వాడినవారిలో 7 శాతము. అయితే శస్త్రచికిత్స పొందినవారిలో 33 శాతమునకు, ఒక ప్రక్క కాలుచేతుల బలహీనత మొదలగు తీవ్రమైన ఇబ్బందులు కలిగినవి. లాభనష్టములు రెండును ఈ అంకెలలోనే ఉన్నవి. ఆ నష్టములలో ఏది తప్పనిదో, ఏది తప్పింపదగినదో ముందుగా తెలిసికొనుటకే పటము.

పటము వ్రాయుటలో మనవారికి సంబంధించిన విషయమొకటి ఉన్నది. మాటను వెదకు పరీక్ష రోగి మాటలోనే జరుగవలెను. ఇంగ్లీషున ఒక అక్షరముతో మొదలగు పదములను తలచుకొమ్మని అడుగుట వాడుక. చదువుకొనని తెలుగు రైతుకు ఆ ప్రశ్న చెల్లదు; అతనికి అక్షరమే తెలియనప్పుడు రంగు పడకపోవుట మెదడు లోపము కాదు, ప్రశ్న లోపము. అతనిని కూరగాయల పేర్లు, పశువుల పేర్లు, పొలము పనుల పేర్లు అడుగవలెను. ఇంటిలో తెలుగు, అంగడిలో ఉర్దూ లేక తమిళము, కార్యాలయమున ఇంగ్లీషు మాటలాడువారు మనలో ఎందరో ఉన్నారు. ఒక భాషను రక్షించి వేరొక భాషకు హాని చేయకుండుటకు, ఆ రోగి ఏ భాషలో బ్రతుకుచున్నాడో వైద్యునకు తెలియవలెను. ఈ సంగతి చెప్పగలవారు యంత్రము కాదు, ఇంటివారు.

తగిన మందులు రెండు, తగిన మోతాదులో వాడినను మూర్ఛలు ఆగనిచో, వ్యాధి మందులకు లొంగనిదని అంతర్జాతీయ సంఘము 2010లో నిర్వచించినది. అట్టివారు ఏండ్ల తరబడి మందులు మార్చుచు కాలము గడపక, ఇట్టి పరీక్షలన్నియు ఒకచోట జరుగు ఆసుపత్రికి పోయి అడుగుట మేలు. పరీక్షలు చేయించుకొన్న ప్రతివారికిని కోత అవసరమని తేలదు. తేలినపుడు మాత్రము, ఏమి తీయుదురు అని ఒక ప్రశ్న, ఏమి మిగులును అని ఒక ప్రశ్న వేయు అధికారము రోగికిని, అతని తల్లిదండ్రులకును కలదు. మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పు విద్య 1886 నాటికే మొలకెత్తినది. రెండవ దానికి సమాధానము చెప్పు విద్యను ఒక యువకుడు తన జ్ఞాపకశక్తిని వెలగా ఇచ్చి మనకు నేర్పించినాడు. ఆ రెండవ ప్రశ్నను అడుగక ఏ సమ్మతి పత్రము మీదను చేవ్రాలు చేయరాదు.